మూడో మలుపులో వదిలేసిన రాయి

నేను ఏళ్ళ తరబడి ఒక రాయిని మోస్తున్నాను. రెండు చేతుల్లో ఇమిడేంత రాయి, అంతకంటే పెద్దది కాదు. అసలు రాయి ఎప్పుడో పెన్న లోయలో పడిపోయింది. అయినా మోస్తూనే వచ్చాను. సంగటి ముద్ద నోట్లో పెట్టుకుంటున్నప్పుడు, గుడిలో కళ్ళు మూసుకున్నప్పుడు, మరీ ముఖ్యంగా ఎవరైనా నన్ను మంచివాడు అన్నప్పుడు. ఇవాళ దాన్ని మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

నా పేరు రాయను. రాయకపోయినా మా వైపు వాళ్ళు పోల్చుకుంటారు. ఎర్రమల కొండల్లో ఆ కనుమ దారిన మోటారు తోలినవాళ్ళు ఎందరున్నారు గనక? పోల్చుకుంటే పోల్చుకోనీ. నేను పేరు మానింది దాక్కోవడానికి కాదు. పేరు రాయడం మొదలుపెడితే దాని వెనకే నా గురించి నాలుగు మంచి మాటలు కూడా రాసేసుకుంటాను. నా సంగతి నాకు బాగా తెలుసు.

ఇది రెండో ప్రపంచ యుద్ధానికి చాలా ముందు మాట. అప్పుడు నేను ఒక డాక్టరు దొరసాని దగ్గర డ్రైవరును. ఆమె మందుల పెట్టె పెట్టుకుని పల్లెలు తిరిగేది. మాది కిరస్తానీ కుటుంబం. మా నాయన ఊళ్ళో రైతుల చేలల్లో కూలి చేసేవాడు. నేను మొదట దొరసాని బంగళాకు నీళ్ళు మోశాను, తర్వాత మోటారు తుడిచాను, ఆ తర్వాత తోలడం నేర్చుకున్నాను. చక్రం చేతికొచ్చాక లోకం నాతో మాట్లాడే తీరే మారిపోయింది. అంతవరకు "ఒరే" అన్న నోళ్ళే "ఏమప్పా" అన్నాయి. మా నాయనను బతికినన్నాళ్ళూ ఎవరూ అలా పిలవలేదు. ఆ "అప్పా" అనే పిలుపు కోసం నేను ఏమైనా చేసేవాణ్ణి. ఈ మాట గుర్తుంచుకోండి. నేను చేసిందానికి కారణం చివరికి అదే.

ఆ దారి గురించి చెప్పాలి. చెట్టు నీడ లేని ఎర్రటి కొండ. ఒక పక్క కొండ గోడ, ఇంకో పక్క పెన్న కోసుకుపోయిన లోయ. అంచున నిలబడి చూస్తే ఏరు పంచె అంచులా సన్నగా కనబడేది. ఆ రెంటి మధ్య ఒక్క బండి పట్టేంత దారి. దాన్ని ఎవరూ వేయలేదు. తాతల నాటి నుంచి బండ్లు ఎక్కి దిగి, ఎక్కి దిగి, బండరాతిలోనే చక్రాల గాడి పడింది. చక్రం ఒకసారి గాడిలోకి దిగిందంటే పక్కకు జరగడం ఉండదు. గాడి ఎటు పోతే బండి అటే. పైన కొండ మీద ఒక పల్లె, కింద మా ఊరు, మధ్యలో ఈ కనుమ.

మా మోటారులో పెట్రోలు తొట్టి సీటు కింద ఉండేది. దారి నిటారుగా లేస్తే పెట్రోలు ఇంజనుకు అందేది కాదు. అందుకని కనుమ మొదట్లోనే మోటారును తిప్పేసి, వెనక్కి నడుపుతూ కొండ ఎక్కించాలి. నా ముఖం లోయ వైపు, నా మెడ వెనక్కి, దొరసాని గొడుగు పట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన. నాపరాతి పలుకులు టైర్లను కోసేవి. ఇంజనులో నీళ్ళు అన్నం ఎసరులా కుతకుత ఉడికేవి. నిజం చెప్పాలంటే ఆ దారి అంటే నాకు ప్రాణం. ఆ దారిలో మోటారు తోలుతుంటే నేను ఎవరి కొడుకునో నాకే గుర్తుండేది కాదు.

ఆ కనుమకు ఒక పద్ధతి ఉంది. ఎద్దులు అలిసి ఎక్కడ ఆగినా బండి వెనక్కి జారకుండా చక్రం కింద గాడిలో రాయి పెడతారు. మళ్ళీ బయలుదేరేటప్పుడు రాయిని వెంటనే తీయడం కుదరదు, ఎద్దుల ఊపు పోతుంది. కాబట్టి పైన చదును దొరికేదాకా పోయి, బండి నిలిపి, వెనక్కి నడిచొచ్చి, పెట్టిన రాయిని తీసి కొండ గోడకు ఆనించాలి. ఎవరు పెట్టిన రాయి వాళ్ళే తీయాలి. ఎందుకంటే పైనుంచి దిగే బండి గాడిని నమ్ముకుని దిగుతుంది. బండి ముందు నొగల మీద కూర్చుని తోలేవాడికి మలుపు తిరిగీ తిరగగానే గాడిలో ఏముందో కనబడదు. ముసలివాళ్ళు కూడా ఎండలో వెనక్కి నడిచొచ్చి రాయి తీసేవాళ్ళు. దీనికి శిక్ష లేదు, జరిమానా లేదు. తీయనివాడు ఆ కనుమలో ఎవడూ లేడు, అంతే.

నాకు ఆ పద్ధతి నేర్పింది ఓబులేసు. పై పల్లె రైతు, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. కనుమలో అతన్ని మించిన బండివాడు లేడనేవాళ్ళు. కొత్త పెళ్ళికూతుళ్ళను దింపాలన్నా, పురిటి మనుషులను ఎక్కించాలన్నా ఓబులేసు బండే కావాలనేవాళ్ళు. మోటారు ఎక్కడ ఆపాలో, ఏ మలుపులో ఏ చక్రానికి రాయి వేయాలో నా పక్కన నడుస్తూ చూపించాడు. నన్ను మొదటి రోజు నుంచీ "అప్పా" అన్నవాడు అతనే. మోటారు చూసి కాదు, అతని నోరే అంత మంచిది.

ఆ రోజు పై పల్లె నుంచి కబురొచ్చింది. ఒకామెకు కాన్పు కష్టంగా ఉందని. దొరసాని పెట్టె సర్దుకుంది, బయలుదేరాం. మూడో మలుపులో ఇంజను ఆగిపోయింది. దిగి, లోయ వైపు చక్రం కింద గాడిలో రాయి వేశాను. నీళ్ళు పోశాను. హ్యాండిలు తిప్పీ తిప్పీ చేతులు బొబ్బలెక్కాక ఇంజను అందుకుంది. ఎగిరి కూర్చుని ఒక్క ఊపున పైకి ఎక్కించేశాను.

చదును చేరాం. అక్కడ ఆపి వెనక్కి నడవాలి. ఆపలేదు.

కాన్పు తొందర కదా అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. రెండు ప్రాణాలు కాపాడటానికి పోతూ రాయి గురించి ఎవడు ఆలోచిస్తాడు అని. ఎంత బాగుందో చూడండి ఈ సాకు. నేను దీన్ని ఎన్నిసార్లు అరగదీశానో. కానీ మేం చేరేసరికే బిడ్డ పుట్టేసింది. ఊరి మంత్రసాని చేతులు కడుక్కుంటూ ఉంది. దొరసాని లోపలికెళ్ళి తల్లినీ బిడ్డనూ చూసి, ఇంకాసేపు కనిపెట్టుకుని ఉంటానంది. నాకేం పని లేదు. కావలసినంత తీరిక.

అప్పుడు ఆ ఇంటాయన నాకు మంచం వేయించాడు.

వాకిట్లో, వేపచెట్టు కింద, నులక మంచం. మీకు ఇది చిన్న సంగతి అనిపించవచ్చు. ఆ వీధిలో మా నాయన చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. అలాంటి వీధిలో నేను మంచం మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. చేతికి మజ్జిగ చెంబు ఇచ్చారు. జనం చుట్టూ చేరి, మోటారు వెనక్కి ఎట్లా నడుస్తుందని అడుగుతుంటే చెబుతున్నాను. అప్పుడు రాయి గుర్తొచ్చింది. మరిచిపోయానని మీరు అనుకోకూడదు, అందుకే చెబుతున్నాను. గుర్తొచ్చింది. లేచి పోయి తీసిరావాలి. కానీ లేస్తే ఎక్కడికని అడుగుతారు. రాయి తీయలేదని చెప్పాలి. మోటారు తోలే మొనగాడు కనుమ పద్ధతి తప్పాడని అంటారు. తిరిగొచ్చేసరికి ఆ మంచం అక్కడ ఉంటుందో ఉండదో. ఇవన్నీ లెక్కవేశాను. దిగేటప్పుడు ఎలాగూ ఆ దారినే పోతాం, అప్పుడు తీద్దాంలే అనుకున్నాను.

అంతలో ఓబులేసు బండి వీధిలోకి వచ్చింది. కొర్ర మూటలు వేసుకుని కిందికి పోతున్నాడు. నన్ను చూసి పగ్గాలు లాగి నవ్వాడు.

"ఏమప్పా, ఎక్కించినావా మోటారు?"

"ఎక్కించినా" అన్నాను.

"దావ బాగుండాదా?"

రాయి సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చుట్టూ జనం ఉన్నారు. నేను తల ఊపాను. అతను ఎద్దులను అదిలించి వెళ్ళిపోయాడు.

నేను మజ్జిగ తాగాను.

ఎందుకు లేవలేదు? ఇప్పటికీ నాకు నేను వేసుకునే ప్రశ్న ఇదే. అతని వెనకే పరుగెత్తి ఉంటే ఊరి బయటే అందుకునేవాణ్ణి. ఒక్క కేక వేసినా ఆగేవాడు. ఓబులేసు కళ్ళు మంచివి, రాయి చూడకపోడు అనుకున్నానా? అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది కాబట్టి అనుకున్నాను. చెడ్డవాడు చెడు తలపెట్టి చేస్తాడు. నేను అలా కూడా కాదు, మంచం మీద కూర్చుని ఊరికే ఉండిపోయాను.

దొరసాని బయటికి వచ్చాక దిగడం మొదలుపెట్టాం. మూడో మలుపు దగ్గర మూటలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. బండి, కాడి విరిగి, లోయ అంచున వేలాడుతోంది. ఒక ఎద్దు వణుకుతూ కొండ గోడకు ఆనుకుని నిలబడింది. రెండోది కనబడలేదు. ఓబులేసు రేగు కంపల్లో పడి ఉన్నాడు, ఒక కాలు ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. దొరసాని పెట్టె తీసుకుని అతని దగ్గరికి పరుగెత్తింది.

రాయి గాడిలోనే ఉంది. కొంచెం జరిగింది, అంతే. దాని మీద చక్రం ఇనుప పట్టా గీసిన తెల్లటి గీత.

దాన్ని ఎత్తాను. లోయలోకి విసిరేశాను. చాలాసేపటికి కింద చప్పుడైంది. దొరసాని తల తిప్పి చూసింది.

"దారికి అడ్డంగా ఉందమ్మా" అన్నాను.

అబద్ధం కాదు కదా! చూశారా, ఆ క్షణంలో కూడా అబద్ధం కాని మాట వెతుక్కున్నాను. పద్ధతి ప్రకారమే రాయి తీశాను నేను. అంతా అయిపోయాక తీశాను.

ఓబులేసును వెనక సీట్లో పడుకోబెట్టాం. దొరసాని అతని కాలిని కట్టెలతో కట్టి పట్టుకుని కూర్చుంది. మిగిలిన మలుపులు దిగుతుండగా అతనికి తెలివి వచ్చింది. ఇప్పుడు రాసే మాటలు నేను మరిచిపోదామనుకున్నా మరుపు రానివి.

"ఎద్దులు యాడుండాయప్పా?" అన్నాడు.

"ఒకటుండాది. లోయ పక్కది పోయింది."

చేత్తో కళ్ళు కప్పుకున్నాడు. తర్వాత ఏడుస్తూ అన్నాడు. "రేత్రంతా చెక్కభజనలో కూచుంటినప్పా. కునుకు పట్టినట్టుండాది నాకు. ఎప్పుడూ పట్టల్యా, ఈ పొద్దు పట్టినట్టుండాది. దావలో ఏమన్నా ఉన్నిందా? నువ్వు సూసినావా?"

నేను ముందుకు చూస్తూ తోలుతున్నాను. ముఖం తిప్పాల్సిన పని లేదు. అది ఎంత వీలైందో నాకు. దొరసానికి మా యాస అంతగా అందదు.

"ఏమీ లేదు ఓబులేసూ. కునుకే పట్టుంటాది" అన్నాను.

"అయితే నేనే సంపుకుంటి నా ఎద్దును" అన్నాడు. అంతే. మళ్ళీ అడగలేదు. నేను చెప్పిన మాటను నమ్మాడు, గాడిని నమ్మినట్టే.

రాయి వదిలేయడం ఒక తప్పు. చెప్పకపోవడం ఇంకొక తప్పు. వాటిని ఎవరైనా చేస్తారేమో అని అప్పుడప్పుడు సరిపెట్టుకోగలిగాను. కానీ అతను అడిగాడు. కాలు విరిగి, ఎద్దు పోయి, నన్ను నమ్మి అడిగాడు. నేను అతని తప్పు కానిదాన్ని తీసి అతని చేతిలో పెట్టాను. దీన్ని మాత్రం ఎటు తిప్పి చూసినా సరిపెట్టుకోలేకపోయాను.

తర్వాత జరిగింది వింటే మీకు నవ్వొస్తుంది. ఓబులేసు ప్రాణం కాపాడానని మా కిరస్తానీ గుడిలో పాదిరి అయ్యగారు నన్ను నిలబెట్టి పొగిడారు. ఓబులేసు పెళ్ళాం కోడిపుంజును తెచ్చి మా ఇంట్లో కట్టేసి పోయింది. మా ఆవిడ దాన్ని కూర వండింది. నేను తిన్నాను. ఏం చేయను, వద్దంటే ఎందుకంటారు.

ఓబులేసు కాలు వంకరగా అతుక్కుంది. మిగిలిన ఎద్దును అమ్మేశాడు. మళ్ళీ పగ్గం ముట్టలేదు. ఎవరి బండైనా ఎక్కాల్సి వస్తే వెనక, దారికి వీపు పెట్టి కూర్చునేవాడు. ఊరు ఊరుకుంటుందా? కునుకు ఓబులేసు అని పేరు పెట్టింది. చేలకు కాపలా పెడితే, కాపలావాడికి ఇంకో కాపలా కావాలని వేళాకోళం చేసేవాళ్ళు. అతనూ వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఒకసారి నేనూ అక్కడే ఉన్నాను. నేనూ నవ్వాను. ఇది కూడా రాయాలి కదా.

కనబడినప్పుడల్లా "నువ్వు ల్యాకుంటే నేను ఆడనే సచ్చిందును" అనేవాడు. అతను రావడం చూసి నేను సందులోకి తప్పుకున్న రోజులున్నాయి.

ఏళ్ళు గడిచాయి. దొరసాని వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. యుద్ధం వచ్చింది, పోయింది. ఇప్పుడు నేను నాపబండల లారీ తోలుతున్నాను. ఓబులేసు కొడుకు పెళ్ళయి బిడ్డ ఉన్నవాడు, కరువుకు చేలు పండక, లారీ తోలడం నేర్పమని నా వెంట పడ్డాడు. సరే రమ్మన్నాను. మరుసటి రోజు మధ్యాహ్నం ఓబులేసే కుంటుకుంటూ కొండ దిగి వచ్చాడు. మా అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇచ్చాను. చెంబు పక్కన పెట్టాడు.

"వానికి నేర్పొద్దప్పా" అన్నాడు. "మాది కునుకు పట్టే రగతం. నేను ఎద్దును సంపితి, వాడు మనుసుల్ని సంపుతాడు. నా మాట ఇనడు. నువ్వు శానా మంచోనివి, నీ మాట ఇంటాడు."

నేను ఆ రోజు అతని చేతిలో పెట్టినదాన్ని అతను జాగ్రత్తగా దాచి, ఇప్పుడు కొడుక్కు అప్పగిస్తున్నాడు. వాడు తన బిడ్డకు కూడా ఇస్తాడు. ఇంక ఆగలేదు నోరు.

"నీకు కునుకు పట్టలేదు ఓబులేసూ" అన్నాను.

మొత్తం చెప్పాను. మంచం సంగతి, మజ్జిగ సంగతి కూడా. లోయలోకి రాయి విసిరింది కూడా. ఇన్నేళ్ళు దాచినది చెప్పడానికి ఎంత తక్కువ సేపు పట్టిందో! లోపల మా ఆవిడ చాట చప్పుడు ఆగిపోయింది. ఆమె కూడా మొదటిసారి వింటోంది.

ఓబులేసు నన్ను చూడలేదు. తన చేతుల్ని చూసుకుంటున్నాడు. రెండు పిడికిళ్ళూ మెల్లగా పగ్గాలు పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి.

"సక్రం ఎగిరిపడి బండి లోయ పక్కకు ఒరిగింది" అన్నాడు. "నాకు గుర్తుండాది. కల అనుకుంటి."

పిడికిళ్ళు విప్పకుండానే, "అయితే నేను నిద్దరపోల్యా?"

"పోలేదు."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. అతను చెయ్యెత్తి ఆపాడు. లేచాడు. నీళ్ళు ముట్టకుండా వెళ్ళిపోయాడు. మా ఆవిడ బయటికి వచ్చి నన్ను చూసింది. ఆ కోడిపుంజు గుర్తొచ్చి ఉంటుంది. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేదా? కొట్టి ఉంటే? ఆ రోజు సాయంత్రం వరకు అదే ఆలోచించాను. కానీ మీకు ఒక మాట చెప్పనా, సిగ్గు విడిచి చెబుతున్నాను. నాకు ఆకలేసింది. చాలా ఏళ్ళ తర్వాత, చిన్నపిల్లాడికి వేసినట్టు ఆకలేసింది. సంగటి రెండు ముద్దలు తిన్నాను. నన్నెవరూ క్షమించలేదు. అయినా గుండె మీద నుంచి ఏదో తీసేసినట్టుంది. ఇలా ఉండటం తప్పేమో తెలియదు. ఉందని మాత్రం చెబుతున్నాను.

ఓబులేసు కొడుకు వారం తిరక్కముందే లారీ దగ్గరికి వచ్చాడు. "మా నాయన పొమ్మన్యాడు" అన్నాడు. నాకు నమస్కారం పెట్టలేదు. నేర్చుకుంటున్నాడు, చెయ్యి బాగుంది. నన్ను "అప్పా" అనడం మానేశాడు.

ఇక దీన్ని రాయడం ఎందుకంటే, ఊరు అతన్ని ఇంకా ఆ పేరుతోనే పిలుస్తోంది కాబట్టి. ఓబులేసు ఎవరికీ చెప్పినట్టు లేదు. నా పరువు నిలబెట్టడానికి కాదనుకుంటాను, అతనికి ఇతరుల మాటతో పని తీరిపోయింది. కానీ నాకు తీరలేదు. కునుకు ఓబులేసు అని పిలిచేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, అతను ఆ రోజు మెలకువగా ఉన్నాడు. కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. గాడిని నమ్మాడు, నన్ను నమ్మాడు, అతను చేసిందంతా అదే.

మొన్న పొద్దున వీధిలో బండి చప్పుడైతే బయటికి వచ్చాను. ఎవరి బండో అరువు తెచ్చుకుని ఓబులేసు తోలుకొస్తున్నాడు. నొగల మీద, దారికి ఎదురుగా, నిటారుగా కూర్చుని. జుట్టు నెరిసింది గానీ పగ్గం పట్టిన తీరు పాతదే. మా వీధి ఏటవాలు. మా ఇంటికి కాస్త పైన ఎవరో పలకరిస్తే బండి ఆపాడు, దిగి చక్రం కింద రాయి పెట్టాడు. మాట్లాడి, మళ్ళీ ఎక్కి బండిని చదునుదాకా పోనిచ్చాడు. అక్కడ దిగి, ఆ వంకర కాలితో ఎండలో వెనక్కి నడిచొస్తున్నాడు.

నేను ఉండబట్టలేక పరుగెత్తాను. అతను చేరేలోపే రాయి దగ్గర వంగాను. అతనికి ఆ కాలితో వంగడం కష్టం.

"నువ్వుండప్పా" అన్నాడు.

నేను పక్కకు జరిగాను. అతను మెల్లగా వంగి, రాయిని రెండు చేతులతో ఎత్తి, దారి పక్క గోడకు ఆనించాడు. చేతులు దులుపుకుని, నా వైపు చూడకుండా బండి దగ్గరికి నడిచాడు. బండి మలుపు తిరిగేదాకా నేను వీధిలోనే నిలబడ్డాను, ఖాళీ చేతులతో.